నీలంగా ఉందనుకోండి

లోహాల చర్యాశీలత శ్రేణిని, అంటే బాగా చురుగ్గా చర్య జరిపే లోహం నుంచి బద్ధకపు లోహం దాకా ఉన్న వరుసను, పదో తరగతి పిల్లల చేత దండకంలా చదివిస్తున్న కార్పొరేట్ పాఠశాలలకు ఇంతవరకు ఒక్క సన్మానమూ జరగకపోవడం దారుణం. పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం... బంగారం దగ్గర ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలు. ఈ వరుస ఎందుకిలా ఉందని అడిగిన పిల్లకు "పరీక్షలో రాదమ్మా" అనే సమాధానం సిద్ధం.

నిజమే, ఎందుకు రావాలి? పొటాషియం చివరి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరంగా, లోపలి ఎలక్ట్రాన్ల చాటున ఉంటుంది. మోల్‌కు 419 కిలోజౌళ్ల శక్తి ఇస్తే ఊడి వస్తుంది. బంగారం 890 అడుగుతుంది. శ్రేణి వెనక లెక్క ఇదొక్కటే కాదు గానీ, పొటాషియం నీళ్లలో పడగానే అంటుకోవడానికీ, అమ్మమ్మ కాసులపేరు చెక్కుచెదరకపోవడానికీ చాలావరకు కారణం ఇదే. మరి ఇనుము కన్నా పైనున్న అల్యూమినియం గిన్నె తుప్పుపట్టి పోదేం? గాలి తగలగానే దాని మీద పలచని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది కనుక. ఇదీ పరీక్షలో రాదు.

ఇక ప్రయోగం. శ్రేణిలో పైనున్న ఇనుము, కిందనున్న రాగిని దాని ద్రావణంలోంచి బయటికి నెడుతుందని చూపడం. ప్రయోగశాలకు తాళం, తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గర. కనుక మాస్టారు నల్లబల్ల మీద బీకరు గీస్తారు. రంగు సుద్దముక్కలు లేవు. "కాపర్ సల్ఫేట్ ద్రావణం నీలంగా ఉందనుకోండి." అందులో ఇనుప మేకు గీస్తారు. "అరగంట గడిచిందనుకోండి. నీలం వెలిసి లేత ఆకుపచ్చ అయిందనుకోండి. మేకు మీద ఎర్రటి రాగి పూత పడిందనుకోండి." వెనక బెంచీ నుంచి ఒకడు "పడలేదండీ" అంటాడు. వాడికి గోడకుర్చీ. ఆ గదిలో పరిశీలన అనేది చేసినవాడు వాడొక్కడే! మర్నాడు తరగతి మొత్తం రికార్డులో "పూత ఏర్పడుట గమనించితిమి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తుంది. మాస్టారు ఎర్ర సిరాతో సంతకం చేస్తారు.

అయ్యా, కాపర్ సల్ఫేట్ అంటే మైలుతుత్తం. పురుగుమందుల దుకాణంలో అడిగితే పొట్లం కట్టి ఇస్తారు. ఇక కావలసింది ఒక మేకు, ఒక గాజుగ్లాసు. వేలకు వేలు ఫీజు గుంజి, పిల్లలకు ఈ పాటి కూడా చూపించలేని మీకు సిగ్గనిపించదా? గోడకుర్చీ వేసిన ఆ పిల్లవాడి తండ్రి నిమ్మతోటకు బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తమూ సున్నమూ కలిసిన తెగుళ్ల మందు, కలిపినప్పుడల్లా, తళతళలాడే ఇనుప కత్తిని అందులో ముంచి చూస్తాడు. కత్తికి ఎర్రటి పూత పడితే సున్నం చాలలేదని ఇంకాస్త కలుపుతాడు. ఆయన ఆ పూతను ఎన్నడూ అనుకోలేదు, కళ్లారా చూశాడు.