అమృతాంజనం పుట్టింది మద్రాసులో కాదు

అమృతాంజనం, బోరోలిన్‌ల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో అమృతాంజనాన్ని మద్రాసు సరుకుగా రాశారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని మొదలుపెట్టింది 1893లో, బొంబాయిలో. మద్రాసుకు మారింది 1914 ప్రాంతంలో. ఆయనే పెట్టిన 'ఆంధ్రపత్రిక'దీ అదే దారి: 1908లో బొంబాయిలో వారపత్రిక, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక. పత్రికకు పెట్టుబడి ఈ తలనొప్పి మందే. సంగీత కచేరీల్లో సీసాలు ఉచితంగా పంచిపెట్టి అలవాటు చేశారు. ఇప్పటి శాంపిల్ ప్యాకెట్ల తెలివి అప్పటిదే!

అమృతాంజనం 'నొప్పిని లాగేస్తుంది' అని ఆ వ్యాసంలో అన్నది మాత్రం ఒప్పుకోలేను. మెంథాల్ చర్మంలోని చలిని గుర్తించే నాడులను తట్టి లేపుతుంది. మిథైల్ శాలిసిలేట్, కర్పూరం వెచ్చదనం ఇస్తాయి. ఆ చల్లదనం, వేడి మధ్య నొప్పి మీద ధ్యాస తగ్గుతుంది, అంతే. జ్వరం దించదు.

శనగగింజంత చాలు, కణతలకు పలచగా రాయాలి. కంటికి దగ్గరగా రాస్తే నీళ్లు కారతాయి. రాసిన చోట గట్టిగా కట్టు కట్టినా, వేడినీళ్ల సంచి పెట్టినా చర్మం కాలినట్టు బొబ్బలెక్కవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు వద్దు. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు. తెగిన చోటా రాయకూడదు. దానికి 1929లో కలకత్తాలో మొదలైన బోరోలిన్ క్రీము వేరే ఉంది, జింక్ ఆక్సైడ్, బోరిక్ ఆసిడ్‌తో. రెండింటినీ ఒకే గాటన కట్టేశారు వ్యాసంలో.

పాత సీసా ఘాటు తగ్గిందంటే కల్తీ అనుకోకండి. మూత వదులైతే మెంథాల్, కర్పూరం గాలిలో కలిసిపోతాయి.