సాహసం చేయించుకుంటున్నాం

దసరా సెలవులు అయిపోయిన మర్నాడు బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు మెస్సొకదాంట్లో టిఫిన్ చేస్తున్నాను. పక్క టేబుల్ దగ్గర నలుగురు కుర్రాళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి ఉన్నారు. వాళ్లలో ఒకడు ఊరికి పోకుండా దుబాయ్ పోయి, పామ్ దీవి మీద స్కైడైవింగ్ చేసి వచ్చాడు. వీడియోలో గాలికి వాడి బుగ్గలు చెవుల దాకా సాగిపోయి ఉన్నాయి. అర లక్ష పైమాటే అయిందట. "భయమెయ్యలేదారా?" అని పక్కవాడు అడిగితే, "నేను చేసేదేముందిరా, వెనక ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు కదా. కాళ్లు మడుచుకోమన్నాడు, మడుచుకున్నా. చేతులు చాపమన్నాడు, చాపా" అన్నాడు.

నిజాయితీపరుడు. సాహస యాత్రల రీల్స్ వంద చూసినా ఈ మాట ఎవరి నోటా రాదు. నా వాదన కూడా ఇంతే, దాచుకునేదేం లేదు. మనవాళ్లు సాహసం చేయడం లేదు, చేయించుకుంటున్నారు. క్షవరం చేయించుకున్నట్టు.

న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్, స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్, రిషికేశ్‌లో కాళ్లకు సాగే తాడు కట్టుకుని దూకే 83 మీటర్ల బంజీ జంప్, హిమాచల్‌లోని బీర్ బిల్లింగ్‌లో పారాగ్లైడింగ్... ఈ జాబితా బెంగళూరు ఐటీ కుర్రాళ్లకు కంఠతా వచ్చు, నేను మళ్లీ అప్పజెప్పక్కర్లేదు. బంజీ ఎక్కడ పుట్టిందో మాత్రం కొంచెం చూడాలి.

పసిఫిక్ సముద్రంలో వనువాటు అని ఒక దేశం, అందులో పెంటెకోస్ట్ దీవి. అక్కడి మగవాళ్లు కర్రలతో ఇరవై ముప్పై మీటర్ల మంచె కట్టి, చీలమండలకు అడవి తీగలు చుట్టుకుని తలకిందులుగా దూకుతారు. పెండలం పంట చేతికొచ్చే కాలంలో జరిపే వేడుక అది. ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే చేస్తారు, ఎందుకంటే తీగలో పచ్చిదనం ఉండి సాగేది అప్పుడే. మనిషి బరువును బట్టి తీగ ఎంచుతారు. పిల్లలు కింది మెట్టు మీంచి మొదలుపెట్టి, ఏళ్లు గడిచేకొద్దీ పైమెట్లకు పోతారు. 1974 ఫిబ్రవరిలో బ్రిటన్ రాణి ఎలిజబెత్ వస్తున్నారని కాలం కాని కాలంలో ఈ వేడుక పెట్టించారు. తీగ సాగలేదు. దూకినవాళ్లలో ఒకతను నడుం విరిగి చనిపోయాడు. ఏ నెలలో దూకకూడదో ఆ దీవిలో చిన్నపిల్లలకు కూడా తెలిసే ఉంటుంది. అతిథి కోసం ఆ తెలివిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

1979 ఏప్రిల్ 1న ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్లు కొందరు బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ వంతెన మీంచి రబ్బరు తాళ్లతో దూకారు, పోలీసులు పట్టుకుపోయారు. 1988లో ఏజే హాకెట్ న్యూజిలాండ్‌లోని కవరావ్ వంతెన దగ్గర, 43 మీటర్ల ఎత్తున, ఇదే పనికి టికెట్ పెట్టాడు. అక్కడితో కథ మారిపోయింది. పెంటెకోస్ట్‌లో దూకేవాడికి తీగ సంగతి తెలుసు. టికెట్ కొని దూకేవాడికి ఏమీ తెలియక్కర్లేదు. బరువు తూస్తారు, చేతి మీద అంకె వేస్తారు, కాళ్లు కట్టేస్తారు, మూడు, రెండు, ఒకటి. ఈ వ్యాపారం పెరగడానికి కారణం కూడా అదే. తెలిసినవాళ్లు తక్కువమందే ఉంటారు, తెలియనివాళ్లు ఎంతమందైనా దొరుకుతారు.

స్కైడైవింగ్‌లోనూ రెండు దారులున్నాయి. ఒకటి మన మెస్సు కుర్రాడిది, ట్యాండెం. కాసేపు సూచనలు విని, ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి బెల్టులతో కట్టించుకుని దూకేయడం. రెండోది నేర్చుకోవడం. అమెరికా పారాచూట్ సంఘం మొదటి లైసెన్సు ఇవ్వాలంటే కనీసం 25 సార్లు దూకాలి, పారాచూట్‌ను సొంత చేతులతో మడిచి సర్దడం రావాలి. అదే సంఘం లెక్కల్లో 2023లో అక్కడ సుమారు 36 లక్షల దూకుళ్లకు చనిపోయింది 10 మంది. లెక్కలు రాయడం మొదలైన 1961లో, దూకేవాళ్లు ఎంతో తక్కువగా ఉన్న రోజుల్లోనే, 14 మంది పోయారు. మధ్యలో ఏం మారింది? ఒక ఎత్తు దాటి కిందికి పడుతుంటే దానంతటదే రిజర్వు పారాచూట్‌ను తెరిచే పరికరం వచ్చింది. రిజర్వును 180 రోజులకోసారి లైసెన్సున్న పనివాడు విప్పి మళ్లీ సర్దాలన్న నియమం ఎలాగూ ఉంది. శిక్షణ పద్ధతులు బాగుపడ్డాయి. ఇన్ని వేలమంది తమ పని తాము క్షుణ్ణంగా నేర్చుకున్నారు కాబట్టే, ఏమీ నేర్చుకోని మనం దూకి, నవ్వుతూ దిగి, "లైఫ్‌లో ఒక్కసారైనా చేయాలి బ్రో" అనగలుగుతున్నాం.

డబ్బు వాళ్లది, సెలవు వాళ్లది, ఏడాది పొడుగునా రిలీజులు, అప్రైజళ్ల టెన్షన్ పడి ఒక్క నిమిషం అన్నీ మర్చిపోతే నీకేంటి బాధ అంటారు. బాధేం లేదు. కొత్తవాళ్లు ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకునే దూకాలి, అందులో తిరుగు లేదు. ఒంటరిగా కొండల మీంచి పారాచూట్‌తో దూకమనీ నేను చెప్పడం లేదు. నార్వేలో షెరాగ్ కొండ మీద 11 ఏళ్లలో జరిగిన 20,850 దూకుళ్లలో 9 మంది పోయారు, ఆ పిచ్చికి నేను దండం పెడతాను. నేను అడిగేది ఒక్కటే. నుమాయిష్‌లో జయింట్ వీల్ ఎక్కి దిగినవాడు ఎగ్జిబిషన్ చూసొచ్చానంటాడు తప్ప భయాన్ని జయించానని పోస్టు పెట్టడు కదా!

నేర్చుకోవడంలో ఏముందో నాకు నలభై రెండేళ్లకు తెలిసింది. బెంగళూరుకు యాభై కిలోమీటర్లలో రామనగర ఉంది, అంతా గ్రానైట్ బండలే. ఆదివారాలు రాక్ క్లైంబింగ్ నేర్పే ఒక చిన్న బృందంతో వెళ్లాను. మొదటి నాలుగు వారాలు నన్ను బండ ముట్టుకోనివ్వలేదు. తాడుకు ముడులు వేయించారు. ఎనిమిది అంకె ముడి వేయడం, విప్పడం, కళ్లు మూసుకుని మళ్లీ వేయడం. నేర్పింది అనంతపురం అమ్మాయి, టెస్టింగ్ ఉద్యోగం, నా వయసులో సగం. 'అన్నా' అని మర్యాదగానే పిలుస్తుంది, ముడి తప్పితే మాత్రం మొహమాటం లేకుండా విప్పించేస్తుంది. అయిదో వారం ఎక్కాను, మూడు మనుషుల ఎత్తు పోయి జారాను, తాడు పట్టుకుంది. అది పెద్ద విషయం కాదు. ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి ఎక్కుతూ తాడు నా చేతికిచ్చింది. కింద నిలబడి తాడు వదులుతూ, బిగిస్తూ ఉండాలి, దాన్నే బిలే అంటారు. తను పడితే ఆపాల్సింది నేను. పై ఊరి మనిషి ప్రాణం నా కుడి చేతిలో ఉండగా పట్టిన చెమట నాకు ఏ విమానంలోనూ పట్టలేదు. చుట్టూ ఉన్న పిట్టల కూతలు కూడా వినబడలేదు.

ఎక్కబోయే ముందు ఒక పద్ధతి ఉంది. నీ ముడి, నీ నడుం బకిల్ అవతలివాళ్లు చూస్తారు, వాళ్లవి నువ్వు చూస్తావు, పైకి చెబుతావు. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నవాళ్లు కూడా చేస్తారు. 2024 ఫిబ్రవరిలో కులూ దగ్గర డోభీలో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక యువతి పారాగ్లైడింగ్‌లో పైనుంచి పడి చనిపోయింది. బెల్టు సరిచూడలేదన్న ఆరోపణ మీద పైలట్‌ను అరెస్టు చేశారు. ఆమె తప్పు ఇసుమంత కూడా లేదు. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు, నేర్పాలని ఆ వ్యాపారం అనుకోదు కూడా. టూరిస్టు చేతులు కట్టుకుని నిలబడాలి, అంతే. స్విట్జర్లాండ్‌లో 1999లో ఇంటర్లాకెన్ దగ్గర సాక్సెట్ వాగుకు వరదొచ్చి, అందులో సాహస క్రీడకు దిగిన 21 మంది పోయాక, ఆలస్యంగానైనా 2014 నుంచి ప్రమాదకర క్రీడలకు ప్రత్యేక చట్టం అమలైంది. న్యూజిలాండ్‌లో నిర్వాహకులకు భద్రతా ఆడిట్ తప్పనిసరి. మనకు కేంద్రం మార్గదర్శకాలున్నాయి, కొన్ని రాష్ట్రాలకు నిబంధనలున్నాయి. అమలు ఎలా ఉంటుందో పాఠకులకు నేను చెప్పాలా? కుమారపర్వతం ట్రెక్‌కు 2024 జనవరిలో జాతరలా జనం ఎగబడ్డాక గానీ ఆన్‌లైన్ బుకింగ్ లేనిదే పోవద్దని కర్ణాటక ప్రభుత్వానికి తోచలేదు.

చట్టాల సంగతి అలా ఉంచండి. కట్టించుకోవడానికి మనం ఇంత సులువుగా ఎలా ఒప్పుకుంటున్నాం? నాకైతే అది మన పదిహేనో ఏటనే మొదలైందనిపిస్తుంది. టెన్త్ ఫలితాలు రాగానే పెట్టె సర్ది కాలేజీ హాస్టల్లో దింపేస్తారు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్. ఏది చదవాలో లెక్చరర్ చెబుతాడు, ఏ ప్రశ్న వదిలేయాలో అతనే చెబుతాడు. తర్వాత ఏ బ్రాంచిలో చేరాలో కన్సల్టెంట్ చెబుతాడు, ఏ దేశం పోవాలో ఏజెంటు చెబుతాడు. కాళ్లు మడుచుకోమంటే మడుచుకున్నాం, చేతులు చాపమంటే చాపాం. ఇది ట్యాండెం కాక మరేంటి?

మాది భువనగిరి దగ్గర పల్లె. పొలం గట్టు మీద నిలబడితే భువనగిరి కోట ఉన్న ఏకశిల గుట్ట ఏనుగు వీపులా కనబడేది. రోజూ పొద్దున గీత కార్మికులు మోకు భుజాన వేసుకుని పోతుంటే వెంట పరుగెత్తేవాళ్లం. తన మోకును ఇంకొకరిని చూడమన్న గీత కార్మికుణ్ణి నేను చూడలేదు, తడిమి తడిమి తనే చూసుకుంటాడు. ఇన్ని చూస్తూ పెరిగిన నేను ఆ గుట్ట మీద ఒక్కనాడు కూడా చెయ్యి పెట్టలేదు. పడతావు, చెయ్యి విరుగుద్ది, పరీక్షలున్నాయి. ఆ తర్వాత హైదరాబాద్‌లో హాస్టల్.

అదే గుట్ట మీద కొన్నేళ్ల తర్వాత ఎవరు ఎక్కడం నేర్చుకున్నారు? సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన, వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ అక్కడ మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. వెంట అదే గురుకులాల నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఉన్నాడు. నేపాల్ వైపు వయసు నిబంధన అడ్డొస్తే టిబెట్ వైపు నుంచి ఎక్కారు. సర్కారు బడి, సర్కారు హాస్టల్, అన్నం కూడా సర్కారుదే. లక్షల ఫీజు కట్టించుకునే మన కాలేజీలకు ఆ గుట్ట గంటన్నర దూరం. ఎన్ని బస్సులు పోయాయి?

ర్యాంకు పోతుందనేవాళ్లకు మల్లి మస్తాన్ బాబు ఉన్నాడు. నెల్లూరు జిల్లా పల్లెటూరివాడు, కోరుకొండ సైనిక్ స్కూల్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో పోయాడు కదా అని వెంటనే అంటారు, నాకు తెలుసు. పోయాడు. నేర్చుకున్నవాడికి చావు రాదని నేను అనలేదు. ఏ కొండ ఎక్కాలో, ఎప్పుడు ఎక్కాలో తనకు తాను తేల్చుకుంటూ బతికిన తెలుగువాణ్ణి ఇంకొకరిని చూపించమంటే నేను చాలాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

2023లో రాజస్థాన్‌లోని కోచింగ్ సెంటర్ల ఊరు కోటాలో జిల్లా యంత్రాంగం హాస్టల్ గదుల ఫ్యాన్లకు స్ప్రింగులు పెట్టించమని ఆదేశించింది. ఎందుకో చెప్పక్కర్లేదు. పదహారేళ్ల పిల్లలకు ఈ దేశం కొనిపెట్టిన భద్రతా పరికరం అది.

గత జూన్‌లో మా అక్క కొడుకు ఇంటర్ అడ్మిషన్ కోసం నేనూ, బావగారూ హైదరాబాద్‌లో ఒక కాలేజీకి వెళ్లాం. పేరెందుకులెండి. పీఆర్వో కుర్రాడు ఏసీ క్లాసు రూములు, డిజిటల్ బోర్డులు, గోడల మీద ర్యాంకుల ఫోటోలు అన్నీ చూపించాడు. గ్రౌండ్ ఏదని అడిగాను. లిఫ్టులో అయిదో అంతస్తు పైకి, టెర్రస్ మీదికి తీసుకెళ్లాడు. ఒక పక్క నీళ్ల ట్యాంకులు, ఇంకో పక్క ఆరేసిన దుప్పట్లు. చుట్టూ తల ఎత్తుకు మించి ఇనుప జాలీ, పైన కూడా జాలీయే. "ఆదివారం గంట సేపు వదులుతాం సార్" అన్నాడు. మా వాడు జాలీలో వేళ్లు పెట్టి కిందికి చూస్తున్నాడు. "మామయ్యా, ఇక్కణ్ణుంచి గోల్కొండ కనబడుతుందా?" అన్నాడు. కింద కౌంటర్ మూసేస్తారని బావగారు తొందరపెట్టారు. దిగి, మొదటి విడత ఫీజు కట్టి వచ్చేశాం.