కింద పోర్షన్‌లో కొలువైన బ్రేకర్ ప్యానెల్ గారికి

మహారాజశ్రీ బ్రేకర్ ప్యానెల్ గారికి,

పై పోర్షన్ నుంచి తమ ఇంటి యజమాని, అంటే కాగితాల మీద యజమాని, నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, మొన్న శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాల నుంచి రాత్రి ఏడూ యాభై దాకా పైన మేము ఏమంత కుశలంగా లేము కాబట్టి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తమరు మాత్రం బేస్‌మెంట్ నడవాలో, ఇల్లంతటి కరెంటు మీటలూ లోపల పెట్టుకుని, బూడిదరంగు తలుపు వేసుకుని, వెచ్చగా, కుశలంగానే ఉన్నారని తెలుసు.

జరిగినది తమకు తెలియనిది కాదు. బయట కాల్గరీ చలి, మైనస్ ఇరవై ఎనిమిది. సాయంత్రం ఆరింటికి సంక్రాంతి భోజనాలకు ఎనిమిది మంది రావాలి. నాలుగు గ్లాసుల మినపగుళ్ళు గ్రైండర్‌లో తిరుగుతున్నాయి, పక్కన ఎలక్ట్రిక్ కుక్కర్‌లో చక్కెర పొంగలి ఉడుకుతోంది. ఆ సమయంలో నేను, ఒట్టి నేనే, చల్లారిన టీ కప్పును మైక్రోవేవ్‌లో పెట్టి మీట నొక్కాను. పదిహేను ఆంపియర్ల లైను, 120 వోల్టులు, వెరసి 1800 వాట్లు. దాని మీద ముగ్గురం ఎక్కి కూర్చున్నాం. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. కానీ అరికాళ్ళ కింద, సరిగ్గా నేను నిలబడిన చోట, 'టక్' మని వినిపించిన ఆ చిన్న చప్పుడు తమరిది. గ్రైండర్ రాళ్ళు ఒక్క అర చుట్టు బద్ధకంగా తిరిగి ఆగిపోయాయి. పిండి వేలితో తీసి చూస్తే ఇంకా రవ్వరవ్వగానే ఉంది. మా ఆవిడ గ్రైండర్ వంక చూడలేదు, నా వంక చూసింది.

కింది పోర్షన్ తాళంచెవి నా జేబులోనే ఉంది. మెట్లు పదమూడు. ఆ మెట్లు దిగి, తాళం తీసి, తమ తలుపు తెరిచి, ఒక మీటను అటు లాగి ఇటు నొక్కితే అయిపోయే పని. అయితే ఆ పదమూడు మెట్లకు అవతల ఉన్నది గత సెప్టెంబరు నుంచి మా ఇల్లు కాదు. అద్దెకున్న అమ్మాయి ఆస్పత్రిలో నర్సు. ఆ రోజు పగలు ఏడింటి నుంచి రాత్రి ఏడింటి దాకా షిఫ్టు, షిఫ్టులో ఫోను లాకరులో ఉంటుంది. ఆమె సరేనంటే ఏ క్షణమైనా వెళ్ళవచ్చు, అనడానికి ఆమె అందుబాటులో లేదు. అలాంటప్పుడు కెనడాలోని మా ఆల్బర్టా రాష్ట్ర చట్టం ప్రకారం కారణం, తేదీ, వేళ రాసి, సంతకం చేసి, కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. శనివారం ఇస్తే 24 గంటలు గడిచేసరికి ఆదివారం అవుతుంది. ఆదివారం ఇక్కడ సెలవు కింద లెక్క, సెలవునాడు నోటీసు ఉన్నా మామూలుగా వెళ్ళకూడదు. అంటే సోమవారం. అత్యవసర పరిస్థితి అయితే నోటీసు అక్కర్లేదని చట్టంలో ఒక వెసులుబాటు ఉంది గాని, గారెల పిండి సగంలో ఆగిపోవడం అత్యవసర పరిస్థితి అవునా కాదా అన్న విషయం మీద ఆ మధ్యాహ్నం మా ఇంట్లో రెండు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. రెండోది నాది, అందుకే వీగిపోయింది. అయినా నేను దిగలేదు.

దిగకపోగా, తెలివికి పోయాను. పిండితో సహా గ్రైండర్‌ను మోసుకెళ్ళి హాల్లో టీవీ పక్కన పెట్టి, కుక్కర్‌నూ అక్కడే పెట్టి, రెండింటినీ ఒకే ప్లగ్గుల పట్టీకి తగిలించాను. అప్పటికే ఆ లైను మీద పిల్లవాడి గదిలోని హీటరు ఉన్నదన్న సంగతి నాకు గుర్తులేదు, తమకు గుర్తుంది. రెండో 'టక్'. ఈసారి టీవీ, వైఫై, దానితో పాటు పిల్లవాడి ఆట కూడా పోయాయి. ఇంట్లో అప్పటిదాకా నా పక్షాన ఉన్న ఒకే ఒక్క మనిషి అలా అవతలి పక్షానికి వెళ్ళిపోయాడు. ఇక మూడో ప్రయోగానికి ధైర్యం చాలలేదు. మెట్ల మలుపులో కూర్చుని, జేబులో తాళంచెవిని అటూ ఇటూ తిప్పుతూ, సాయంత్రమంతా గడిపాను.

అలా కూర్చున్నప్పుడు ఒక పాత సంగతి గుర్తుకొచ్చింది. 2006లో దిల్‌సుఖ్‌నగర్‌లో మేము నలుగురం కింద పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. నీళ్ళ మోటరు స్విచ్చి పైన ఓనరుగారి వంటింట్లో ఉండేది. ఒంటి నిండా సబ్బుతో, తువ్వాలు చుట్టుకుని, మెట్ల మొదట్లో నిలబడి "ఆంటీ, మోటరు వేయరా!" అని అరిచేవాళ్ళం. ఆవిడ టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చేదాకా లేచేవారు కాదు. తానే ఎప్పుడైనా, ఏ వేళప్పుడైనా, తలుపు తట్టకుండా లోపలికి వచ్చి గిన్నెల మూతలు తీసి గుడ్డు ఏమైనా ఉడుకుతోందేమోనని చూసి వెళ్ళేవారు. కాబట్టి 24 గంటల నోటీసు చట్టం మీద నాకు కోపం లేదు. అది నాలాంటివాడు ఏనాడో కోరుకున్న చట్టమే. సొంత ఇల్లంటూ ఉంటే స్విచ్చి మన వైపు ఉంటుందని, ఆ మెట్ల మొదట్లో నిలబడి చలికి వణుకుతూ అనుకున్నాను. ఇప్పుడు కాల్గరీలో సొంత ఇల్లు ఉంది, నేను పైన ఉన్నాను, అయినా స్విచ్చి అవతలే ఉంది.

కింది పోర్షన్ అద్దెకివ్వడానికి పడ్డ మిగతా పాట్ల గురించి ఫిర్యాదు చేయను. మంటలొస్తే తప్పించుకునే దారిగా పడకగదికి 0.35 చదరపు మీటర్ల మేర తెరుచుకునే కిటికీ ఉండాలంటే పునాది గోడ కోయించాం. పొగ అలారాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండాలన్నారు, ముడిపెట్టించాం; ఇప్పుడు పైన ఎండుమిరపకాయ పోపులో పడితే కింద రాత్రి డ్యూటీ చేసి పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేస్తోంది. ఇల్లు చూడటానికి ఇదిగో వస్తున్నామని చెప్పి రానివాళ్ళు పదకొండు మంది. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించకూడదు, దాన్నీ రెండు బ్యాంకు పనిదినాల్లో ట్రస్టు ఖాతాలో వేయాలి. వేశాం. 2020లో తీసుకున్న లోను అయిదేళ్ళకు కొత్త వడ్డీతో తిరిగి మొదలయ్యేసరికి ఇవన్నీ చేయక తప్పలేదు.

కానీ తమరి సంగతి వేరు. కెనడా ఎలక్ట్రికల్ కోడ్ రాసినవాళ్ళు తమవంటివారిని ఎక్కడెక్కడ పెట్టకూడదో కూర్చుని ఆలోచించారు: బట్టల అలమరలో వద్దు, స్నానాలగదిలో వద్దు, మెట్లదారిలో వద్దు, ఆఖరికి బొగ్గు నిలవచేసే కొట్టులో కూడా వద్దన్నారు. నేను పుట్టి బుద్ధెరిగాక ఏ ఇంట్లోనూ బొగ్గుకొట్టు చూడలేదు. దాన్ని కూడా గుర్తుపెట్టుకున్నవాళ్ళకు, అద్దెకిచ్చిన పోర్షన్ నడవాలో పెడితే పైవాడి గతేమిటన్న ఆలోచన రాలేదు! పర్మిట్ల కోసం వచ్చిన ఇన్‌స్పెక్టరు తమ తలుపు తీసి, లోపలికి తొంగిచూసి, బాగుందన్నాడు. నేను కూడా పక్కనే నిలబడి బాగుందన్నాను. నీ ముందే నిలబడి అన్నాను! అప్పుడైనా ఒక్క 'టక్' అని హెచ్చరించి ఉండవచ్చు కదా? ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉన్నావు, కరెంటు అంతా నీ చేతిలోనే ఉంది, బిల్లు మాత్రం నేను కడుతున్నాను, నా వంటింటి గారెలు నీ దయ మీద ఆధారపడాలా?

క్షమించండి. ఏకవచనంలోకి జారాను.

ఏడూ యాభైకి ఆ అమ్మాయి మంచు బూట్లు దులుపుకుంటూ వచ్చింది. అప్పటికి అతిథులు ఎనిమిది మందీ హాల్లో కోట్లు వేసుకుని కూర్చుని, బయటినుంచి తెప్పించిన బిర్యానీ తింటున్నారు. విషయం చెప్పగానే "అయ్యో అంకుల్, ముందే దిగి వేసుకోవాల్సింది" అంది. నేను ఏమీ అనలేదు. ఆమె వెళ్ళి తమ తలుపు తెరిచి, నన్ను మెట్ల దగ్గరే ఉండమని, "ఏ నంబరు?" అని అడిగింది. తమ తలుపు వెనక ఎప్పటివాడో పాత ఓనరు పెన్సిలుతో రాసిన జాబితా ఆమె గట్టిగా చదివింది: లైట్లు, లైట్లు, ప్లగ్గులు, ప్లగ్గులు, ప్లగ్గులు, గరాజు, తరువాత ఒక ప్రశ్నార్థకం, మళ్ళీ లైట్లు. ముందు ఆమె ఫ్రిజ్ ఆగింది, తరువాత మా ఫర్నేసు ఆగింది, ఆ ప్రశ్నార్థకాన్ని నొక్కితే పైన ఏమీ కాలేదు. అదేమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అయిదో ప్రయత్నానికి గ్రైండర్ తిరిగింది. తొమ్మిదిన్నరకు మొదటి వాయి దిగింది. కేరళ పిల్ల కదా, ఉళున్ను వడ అంటే ప్రాణమట. మెట్ల మలుపులోనే నిలబడి నాలుగు తిని, రెండు టిఫినుకని కాగితంలో చుట్టుకుపోయింది. పిండి మరీ పులిసిందని మా ఆవిడ అంటే, లేదు ఆంటీ, ఇలాగే బాగుందని కూడా అంది. అద్దెకున్నవాళ్ళ విషయంలో మా అదృష్టం మంచిదే.

తమరిని పైకి మార్పించడానికి ఎలక్ట్రీషియన్ చెప్పిన అంకె దాదాపు మూడు నెలల అద్దె. కాబట్టి తమరు అక్కడే ఉంటారు, నేనూ ఇక్కడే ఉంటాను. అందువల్ల ఈ లేఖనే చట్టప్రకారం నోటీసుగా స్వీకరించవలసింది. నకలు కిందింటి తలుపుకు అంటించాను. ప్రవేశించు దినము: మంగళవారం. వేళ: సాయంత్రం నాలుగు గంటలు. కారణము: తమ తలుపు వెనకనున్న పెన్సిలు రాతలు చెరిపి, ఏ మీట దేనిదో ఒక్కొక్కటిగా కనుగొని, పెన్నుతో రాయుట, ప్రశ్నార్థకమును అట్లే ఉంచుట.

ఇట్లు,
తమ పై పోర్షన్‌వాడు
(సంతకం)