గాలి మీద చర్య తీసుకోవాలి

గాలి నిర్లక్ష్యాన్ని ఇంతవరకూ ఎవరూ సీరియస్‌గా పట్టించుకోలేదు. పడమటి గాలుల వెంట భూగోళాన్ని చుట్టి రావడానికి దానికి రెండు మూడు వారాలు చాలు. అదే గాలిని భూమధ్యరేఖ దాటమంటే సుమారు ఏడాది తీసుకుంటుంది. ఏ ఉద్యోగైనా ఇలా చేస్తే ఈపాటికి సంజాయిషీ అడిగి ఉండేవాళ్లు.

గాలి తరఫు వాదన కూడా వినాలి. ఉత్తరం నుంచీ దక్షిణం నుంచీ వచ్చే వ్యాపార పవనాలు భూమధ్యరేఖ దగ్గర ఎదురుపడతాయి. ముందుకు దారి లేక పైకి లేస్తాయి, ఉరిమి కురుస్తాయి, చాలామటుకు వచ్చిన దిక్కుకే మళ్లిపోతాయి. ఆ వానపట్టీ సూర్యుడి వెంట అటూ ఇటూ జరిగేటప్పుడు, రుతుపవనాల సందడిలో, కొంత గాలి గుట్టుగా సరిహద్దు దాటేస్తుంది.

ఈ గందరగోళాన్నంతా శాస్త్రజ్ఞులు రెండు డబ్బాలుగా కుదించారు. ఉత్తరం ఒకటి, దక్షిణం ఒకటి. హిమాలయాలు లేవు, సముద్రాలు లేవు. మధ్యలో ఒకే ఒక్క అంకె: గాలి అటూ ఇటూ మారడానికి పట్టే కాలం. దాన్ని పట్టిచ్చేది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. ఈ వాయువు కరెంటు స్విచ్‌గేర్ల నుంచి, దాదాపు అంతా ఉత్తరంలోనే, లీకవుతుంది. వందల ఏళ్లు చావదు. రెండు అర్ధగోళాల్లో దాని మోతాదుకున్న తేడాను ఏటా పెరిగే మొత్తంతో భాగిస్తే చాలు, ఏడాదికి కాస్త అటూ ఇటూగా జవాబు వస్తుంది. కాగితం మీద తేలిపోయే ఈ లెక్క సూపర్ కంప్యూటర్లున్నవాళ్లకు కొంచెం అవమానమే.

వాళ్లు తమ కంప్యూటర్ మోడళ్లలో భూమిని పెద్ద పెద్ద గళ్లుగా కోస్తారు. ఉరుము మేఘం గడిలో ఓ మూలకే సరిపోతుంది కాబట్టి దాన్ని ఒక ఉజ్జాయింపు సూత్రంతో సర్దేస్తారు. పైగా గడిలో ఓ అంచున అడుగుపెట్టిన వాయువు మరుక్షణమే గడంతా పరుచుకున్నట్టు లెక్క. అలా సరిహద్దు దాటడానికి ప్రకృతి ఇవ్వని పర్మిషన్ కంప్యూటర్ ఇచ్చేస్తుంది.

ఇదేదో పండితుల కాలక్షేపం అనుకోకండి. బొగ్గు, చమురు అత్యధికంగా తగలబెట్టేది ఉత్తరమే. కాబట్టి ఉత్తర దక్షిణాల మధ్య కార్బన్ డయాక్సైడ్ తేడా ఎంతుండాలో మోడల్ చెప్పింది. కొలిస్తే అంత లేదు. మరి మిగతాది ఏమైంది? ఉత్తరాది నేల, అడవులు మింగి ఉండాలని 1990లో టాన్స్, ఫంగ్, తకహాషి అనే శాస్త్రజ్ఞులు వాదించారు. ఇక్కడే తమాషా. మోడల్లో గాలి నెమ్మదిగా దాటితే ఉండాల్సిన తేడా పెరిగి, ఉత్తరాది అడవులకు పుణ్యం ఎక్కువ, వేగంగా దాటితే తక్కువ. చెట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది, పాపం. అందుకే మోడళ్లను ముందు సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌తో పరీక్ష పెట్టి, పాసైనవాళ్లనే అడవుల జోలికి రానివ్వాలని నా సిఫారసు.

ఈలోగా పంపిణీకి మాత్రం ఆటంకం లేదు. దక్షిణ ధ్రువంలో కార్బన్ డయాక్సైడ్ 2016 మేలో 400 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 400 వంతులు) దాటింది. అక్కడ ఫ్యాక్టరీల్లేవు, హైవేల్లేవు, అభ్యంతరం చెప్పడానికి ఓటర్లూ లేరు. సరుకు భద్రంగా అందినట్టు రసీదు రాసుకోవచ్చు.