డాబా అందరిదీ, ధార ఐదో అంతస్తుదీ

చలికాలం రాగానే మిగతా ఊళ్ళలో స్వెట్టర్లు తీస్తారు. మా నెల్లూరులో బకెట్లు తీస్తాం. నైరుతి మాకు చుట్టపుచూపు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతోనే పడుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో అనగానే కింది అంతస్తుల్లో మిరపకాయ బజ్జీలకి శనగపిండి కలుపుతారు. ఐదో అంతస్తులో ఉండే మేం తలెత్తి సీలింగు వైపు చూస్తాం. వాయుగుండం అంటే పరుపులు హాల్లోకి వచ్చేస్తాయి. గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటి తుపాను అయిందంటే ఇక దేవుడే దిక్కు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందని వాతావరణ శాఖ రాసుకుంది. అంతకుముందే అది మా బెడ్‌రూం దాటిన సంగతి రికార్డులకి ఎక్కలేదు.

డాబా ఎవరిది అన్న విషయంలో మా అపార్ట్‌మెంట్లో ఎవరికీ అనుమానం లేదు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఇంటి కప్పుని ఉమ్మడి భాగంగా లెక్కకట్టింది. ఆ చట్టాన్ని మావాళ్ళంతా కంఠతా పట్టారు. కార్తీక పౌర్ణమికి దీపాలు పెట్టడానికి డాబా అందరిదీ. వడియాలకి అందరిదీ. పిల్లాడి పుట్టినరోజుకి షామియానా గుంజలు పాతడానికీ అందరిదే. మొదటి అంతస్తాయన డిష్ యాంటెన్నా కాళ్ళని సరిగ్గా మా పడకగది నెత్తిన డ్రిల్లు పెట్టి దిగేయించాడు, తన వాటా ఉందిగా మరి. ఇప్పుడాయన కన్ను సోలార్ మీద పడింది. కేంద్రం 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తుందట, డాబాలో తన అవిభాజ్య వాటా ఎక్కడుందో చూపించమని దస్తావేజు పట్టుకు తిరుగుతున్నాడు. అదే డాబా కారితే మాత్రం, ఆ క్షణం నుంచి అది పూర్తిగా మా సొంతం. తిలాపాపం తలా పిడికెడు అన్న పెద్దలు ఏ అసోసియేషన్లోనూ సభ్యులుగా ఉన్నట్టు లేరు.

ఆ మహాసభ గురించి చెప్పాలి. సెల్లారులో, కార్ల మధ్య, ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. ఎజెండాలో ఒక్కటే అంశం: స్లాబు ఉరవడం. ముందుగా గ్రౌండ్ ఫ్లోరాయన లేచి, తన ఇంట్లోకి వాన రాలేదని సభకి తెలియజేశాడు. సభ దాన్ని నమోదు చేసుకుంది. రెండో అంతస్తు ఆవిడ, అసలు అంత పైన ఫ్లాటు ఎందుకు కొన్నారని అడిగింది. గాలీ వెలుతురూ బాగుంటాయని కొన్నామన్నాను. "మరి గాలి కావాలంటే వాన కూడా వస్తుంది కదండీ" అంది. ఆ మాటకి చప్పట్లు పడ్డాయి. మూడో అంతస్తులో వాస్తు తెలిసిన పెద్దాయన ఉన్నాడు. "ఏ మూల కారుతోంది సార్?" అని అడిగాడు. ఈశాన్యం అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈశాన్యంలో జలం ఉండటం మహా యోగమట. జనం లక్షలు పోసి ఆ మూల సంపు తవ్వించుకుంటుంటే, మాకు పైసా ఖర్చు లేకుండా ఆకాశమే సమకూర్చి పెట్టిందట. దాన్ని మూయిస్తే వంశానికి మంచిది కాదని కూడా హెచ్చరించాడు. ఇప్పుడు వంటింటి వైపు కూడా చెమ్మ పాకుతోందని చెప్పాను. అది ఆగ్నేయం కాబట్టి దోషమేనని ఒప్పుకున్నాడు. పరిహారంగా స్టవ్వు జరుపుకోమన్నాడు. స్టవ్వు! స్లాబు అలాగే ఉండాలి, స్టవ్వు మాత్రం జరగాలి. చివరికి ఖర్చు అంచనా కోసం ముగ్గురితో కమిటీ వేశారు. ముగ్గురిలో ఒక్కరి ఇల్లూ కారదు, నిష్పాక్షికత కోసమట.

ఉమ్మడి బాధ్యత అంటే ఏమిటో మా బిల్డింగులో తెలిసింది మా ఫ్యానుకొక్కదానికే. కొక్కెం దగ్గర కప్పులోంచి చుక్క జారి రెక్క మీద పడుతుంది. ఒకసారి మరిచిపోయి స్విచ్చి వేస్తే నాలుగు గోడలకీ సమానంగా పంచి పెట్టింది.

మేస్త్రీ వచ్చాడు. గోడని వేలితో టకటకలాడించి, చెవి ఆనించి విన్నాడు. ఇప్పుడు తడి మీద కెమికల్ పట్టదు, ఎండాకాలం పిలవండి సార్ అన్నాడు. ఎండాకాలం పిలిస్తే, "ఎక్కడ కారుతోంది సార్, చూపించండి" అన్నాడు. పూర్వం మిద్దెలకి కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో గానుగ సున్నం కలిపి, కొయ్యలతో రోజుల తరబడి దిమ్మిస కొట్టేవాళ్ళు. ఇప్పుడు బ్రష్షుతో ఒక పూటలో పదేళ్ళ గ్యారంటీ పూసి వెళ్తున్నారు. పూశాక పైన మడి కట్టి ఒక రోజు నీళ్ళు నిలబెట్టి చూడవయ్యా అంటే, "మీకు మా మీద నమ్మకం లేదా సార్?" అని నొచ్చుకుంటాడు.

ఇక బిల్డరు. స్లాబు వేశాక చుట్టూ గట్లు కట్టి కనీసం వారం పాటు నీళ్ళు నిలబెట్టి తడపాలి. ఆ మహానుభావుడు ట్యాంకరు ఖర్చని రెండు రోజులకే ముగించాడని అప్పటి వాచ్‌మన్ చెప్పాడు. అప్పుడు నిలబడాల్సిన నీళ్ళే ఇప్పుడు వచ్చి నిలబడుతున్నాయి. వాలు పైపు వైపు ఇవ్వాల్సింది, నడిమధ్యకి ఇచ్చాడు. ఇళ్ళు కట్టి అమ్మే బిల్డర్లని అదుపులో పెట్టడానికి రెరా చట్టం 2016లో వచ్చింది. ఇల్లు అప్పగించిన అయిదేళ్ళలోపు ఇలాంటి లోపం చూపిస్తే 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా బాగుచేయాలి. చూపించాం. వచ్చాడు. పసుపుపచ్చ మరక మీద పుట్టీ పెట్టి, తెల్లరంగు వేయించి, కాఫీ తాగి వెళ్ళాడు. ఆ తెల్లరంగే అతన్ని క్షేమంగా అయిదేళ్ళు దాటించింది. ఇప్పుడు ఫోన్ చేస్తే "పీరియడ్ అయిపోయింది కదా సార్" అంటున్నాడు, ఎంతో బాధగా.

పోయిన తుపానులో మా అమ్మ మంచం మీద పెచ్చు ఊడి పడింది. సరిగ్గా తలగడ మీద. ఆవిడ అప్పుడే లేచి కాఫీ డికాక్షన్ వేయడానికి వెళ్ళింది కాబట్టి ఈ వ్యాసం వ్యంగ్యంగా రాయగలుగుతున్నాను. పైన చువ్వ బయటపడింది, గోరుతో గీరితే ఎర్రగా పొరలు పొరలుగా రాలుతోంది. ఆ ఫొటో అసోసియేషన్ గ్రూపులో పెట్టాను. సెక్రెటరీ రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి, "పెద్దావిడని హాల్లో పడుకోబెట్టండి సార్" అని రాశాడు.

హాల్లో పడుకోబెట్టాలట! ఎనభై దాటిన మనిషి, సొంత ఇంట్లో, ఏ మూల పెచ్చు ఊడుతుందో చూసుకుంటూ మంచం మార్చుకుంటూ పోవాలి. ఎందుకంటే స్లాబు బాగుచేయించడానికి ఇంటికి నాలుగు వేలు ఇవ్వడానికి మీకు చేతులు రావు. గేటుకి స్టీలు అక్షరాలతో పేరు చెక్కించడానికి వచ్చాయి. లిఫ్టులో అద్దానికి వచ్చాయి. నీళ్ళు తగిలిన చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచి పగలగొడుతుంది. ఇది మా బెడ్‌రూం గొడవ కాదురా నాయనా! ఆ స్లాబుని మోసే స్తంభాలు మీ హాళ్ళలోంచి, మీ పూజ గదుల పక్కనుంచే కిందికి దిగుతున్నాయి. ఈశాన్యం మహా యోగమన్న ఆ పెద్దాయనని ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, ఆ మంచం మీద పడుకోమనండి.

కమిటీ ఇంతవరకు డాబా ఎక్కలేదు, మోకాళ్ళ నొప్పులట. అసోసియేషన్ మాత్రం ఖాళీగా కూర్చోలేదు. నిన్న లిఫ్టు పక్కన నోటీసు అంటించింది. పిట్టగోడ మీద తడిసిన పరుపులూ బొంతలూ ఆరేయడం వల్ల బిల్డింగు ఎలివేషన్ పాడవుతోందట, ఇకపై ఆరేసినవారికి 500 రూపాయలు జరిమానా అట. ఏకగ్రీవ తీర్మానం. కింద అందరి సంతకాలూ ఉన్నాయి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళవి కూడా.

మా అమ్మ బొంత ఇంకా పిట్టగోడ మీదే ఉంది. డాబా అందరిదీ కదా, ఎవరైనా పైకొచ్చి తీయమనండి.