బెంచీ మీద పేరు

గుంటూరులో నేను పెరిగిన లూథరన్ చర్చిలో ఫ్యాను రెక్కల మీదా బెంచీల మీదా దాతల పేర్లు కనిపిస్తాయి. వాటిలో ఒక బెంచీ నాది. అమెరికాలో తొలి ఉద్యోగం వచ్చిన ఏడాది డబ్బు పంపి, పేరు రాయించమని అడిగింది కూడా నేనే. ఈమధ్య సెలవులకు వెళ్లినప్పుడు అదే బెంచీ మీద కూర్చుని, బైబిల్లో ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రికలో రక్షణ క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదన్న మాట వింటుంటే, పేరుకు ఆనుకున్న నా వెన్ను దానంతటదే ముందుకు జరిగింది.

మన భాషలో పుణ్యం మూటగట్టుకునేది. పౌలు చెప్పిన రక్షణకు, అంటే పాపం నుంచి విడుదలకు, మూట లేదు. అది కృపచేత దొరికే వరం, విశ్వాసం దాన్ని అందుకునే ఖాళీ చెయ్యి మాత్రమే. మనిషి విశ్వాసంవల్ల నీతిమంతుడవుతాడనే రోమా పత్రిక 3:28ని 1522లో జర్మన్‌లోకి తెచ్చినప్పుడు, లూథరన్ సంప్రదాయానికి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ మూలంలో లేని 'మాత్రమే' అన్న మాటను చేర్చింది ఈ అర్థం జారిపోకూడదనే. ఆ మాట మీద చీలిన లూథరన్లూ కాథలిక్కులూ 1999లో ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. తేడాలన్నీ తీరలేదు గాని, మనిషి నీతిమంతుడుగా తీర్చబడేది తన అర్హతను బట్టి కాదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

నన్ను కలవరపెట్టేది వేరే విషయం. జబ్బు తగ్గని మనిషితో "నీ విశ్వాసం చాలలేదు" అనేవారిని అక్కడా చూశాను, ఇక్కడి ప్రార్థన కూడికల్లోనూ చూస్తున్నాను. విశ్వాసాన్ని అలా తూకం వేయడం మొదలుపెట్టిన క్షణంలోనే అది మరో క్రియ అయిపోతుంది, ఖాళీ చెయ్యి మళ్లీ జీతం అడిగే చెయ్యి అవుతుంది. దేవుడు మనిషిని కాపాడే తీరు గురించి శ్రీవైష్ణవులు చెప్పుకునే మర్కట, మార్జాల కిశోర న్యాయాలు ఇక్కడ నాకు గుర్తొస్తాయి. తల్లిని గట్టిగా పట్టుకోవలసిన కోతిపిల్లకు పట్టు జారుతుందన్న భయం ఉంటుంది, తల్లి నోట కరుచుకుపోయే పిల్లికూనకు ఆ భయం లేదు. పోలిక పూర్తిగా అతకదు, అయినా లూథర్ పిల్లికూన వైపే ఉండేవాడని నా నమ్మకం.

అలాగైతే మంచి పనులెందుకన్న ప్రశ్నకు యాకోబు పత్రిక జవాబు అందరికీ తెలిసిందే: క్రియలు లేని విశ్వాసం మృతమైనది. నాకు మాత్రం గుంటూరే జవాబుగా కనిపిస్తుంది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ ఆ ఊరికి తెచ్చినది క్రియలవల్ల రక్షణ రాదన్న బోధే. ఆ మిషన్ నీడలోనే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి స్త్రీలకు వైద్యం మొదలుపెట్టారు, 1885లో ఆంధ్రా క్రిస్టియన్ కళాశాలకు పునాది పడింది. మోక్షానికి వెల కట్టనక్కర్లేని మనిషికే రోగి రోగిగా కనిపిస్తాడు. లేకపోతే తన పుణ్యానికి పనికొచ్చే సాధనంగా కనిపిస్తాడు.

బెంచీ మీది పేరు మీద రంగు వేయించమని ఫోను చేద్దామనుకున్నాను. ఆ సంగతి ఈ సంచికలో రాస్తే బాగుంటుందన్న ఆలోచన కూడా వెంటనే వచ్చింది. అందుకని ఫోను చేయలేదు.