హాకీ జట్టులో మూలవాసుల వాటా: ‘సర్కారు సొమ్ము’ మాటలో నిజమెంత?

కెనడాలో ఏ ఫస్ట్ నేషన్ (మూలవాసుల జాతి) అయినా ఐస్ హాకీ జట్టులో వాటా కొంటుందన్న మాట వినపడితే చాలు, వాట్సాప్ ఫార్వర్డ్ సిద్ధం: ‘ప్రభుత్వ డబ్బుతో కొంటారు, పన్ను కట్టరు, పది శాతం చేతికొస్తే జట్టంతా వాళ్లదే, నడపడం మాత్రం రాదు.’

ముందు డబ్బు సంగతి. రిజర్వు భూమిని, అంటే మూలవాసులకి కేటాయించిన భూమిని, చూపించి మామూలు బ్యాంకులో అప్పు పుట్టదు. కెనడా మూలవాసుల మీద చేసిన ‘ఇండియన్ యాక్ట్’ 89వ సెక్షన్ ప్రకారం రిజర్వులోని ఆస్తిని బయటివాళ్లు జప్తు చెయ్యలేరు మరి. (మన ఏజెన్సీలో గిరిజన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టంతో పోలిక పూర్తిగా అతకదు గానీ, భూమికి కంచె అయిన చట్టమే అప్పు దగ్గర అడ్డం రావడం ఏజెన్సీవాళ్లకీ కొత్త కాదు.) ఈ చిక్కు విప్పడానికే 2005 నాటి చట్టం కింద ఫస్ట్ నేషన్స్‌కి అప్పులిచ్చే ఫస్ట్ నేషన్స్ ఫైనాన్స్ అథారిటీ ఏర్పడింది. దాని దగ్గర అప్పు తీసుకోవాలంటే ముందు ఆర్థిక నిర్వహణ బోర్డు లెక్కలు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. తర్వాత ఆ జాతి పాలక కౌన్సిల్ అప్పు తీసుకోవడానికి చట్టం చెయ్యాలి. లీజులు, చేపలు, వ్యాపారాల మీద వచ్చే సొంత ఆదాయం నేరుగా ట్రస్టు ఖాతాలో పడుతుంది. వాయిదా పోగా మిగిలిందే జాతికి చేరుతుంది. అప్పులో 5 శాతం అప్పు భద్రతా నిధి కింద ముందే పట్టేసుకుంటారు.

2021లో మెంబర్టూ అనే ఫస్ట్ నేషన్ ముందుండి నడిపితే, ఏడు మిక్మాక్ ఫస్ట్ నేషన్స్ కలిసి క్లియర్‌వాటర్ సీఫుడ్స్ కంపెనీలో సగం కొన్నది ఈ దారిలోనే. 25 కోట్ల డాలర్ల అప్పు అది, దానం కాదు. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వ రుణ హామీ పథకం ఉన్నమాట నిజమే. హామీ ఉందని అసలూ వడ్డీ మాఫీ అయిపోవు.

పన్ను విషయంలో రవ్వంత నిజం ఉంది. అదే ఇండియన్ యాక్ట్ 87వ సెక్షన్ మినహాయింపు రిజర్వులో ఉన్న ఆస్తికి. నగరంలోని అరీనాకి, ఆటగాళ్ల జీతాలకి, మిగతా భాగస్వాముల లాభాలకి అది వర్తించదు. ఫస్ట్ నేషన్ వాటాకి వచ్చే లాభం మీద మినహాయింపు దొరకొచ్చు, అదీ అర్హత చూపించుకుంటేనే.

ఇక ‘పది శాతంతో జట్టంతా’ అన్నది. 2023లో హాకీ జట్టు ఒటావా సెనేటర్స్ అమ్మకంలో మైకేల్ ఆండ్‌లవర్ బృందం 90 శాతం తీసుకుంటే, చనిపోయిన పాత యజమాని మెల్నిక్ కుమార్తెలకి 10 శాతం మిగిలింది. పెత్తనం ఎవరిదో వేరే చెప్పాలా? పెట్టిన డబ్బు వరకే బాధ్యత ఉండే పరిమిత భాగస్వామికి నిర్వహణలో చెయ్యి పెట్టే వీలే తక్కువ, పెడితే బాధ్యత పరిమితి పోతుంది. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. జట్టు నష్టపోయిన ఏడాది అందరూ మళ్లీ డబ్బు వెయ్యాలంటారు, వెయ్యకపోతే వాటా పలచబడుతుంది. డివిడెండ్ ఏళ్లతరబడి రాకపోయినా అప్పు వాయిదా మాత్రం ఆగదు. అమ్ముకుందామంటే కొనేవాడికి లీగ్ అనుమతి కావాలి. కాబట్టి ఒప్పందంలో అదనపు పెట్టుబడికి గరిష్ఠ పరిమితి, బోర్డులో ఒక సీటు, ముఖ్య యజమాని అమ్మితే అదే ధరకి తామూ అమ్ముకునే హక్కు రాయించుకోకుండా సంతకం పెట్టకూడదు.

నడపడం రాదంటారా? అమెరికాలోని మోహెగన్ జాతి 2003లో మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ఓర్లాండో మిరకిల్‌ని పూర్తిగా కొని, కనెటికట్ సన్‌గా మార్చి, తమ అరీనాలోనే ఆడించింది. హాకీలోనే చూపమంటే, మనిటోబాలో ఓపాస్క్వేయాక్ క్రీ నేషన్ 1996లో పెట్టిన బ్లిజార్డ్ ఉంది. ప్రొఫెషనల్ కాదు, జూనియర్ జట్టే. కానీ 1999 నుంచి 2003 దాకా వరుసగా అయిదేళ్లు రాష్ట్ర లీగ్ కప్పు దానిదే.